చిన్ననాటి చక్రాలు, నలభై దాటిన కాళ్ళు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఎముకల విభాగంలో పిల్లల కట్లు ఎక్కువవుతాయి. ఇది మాకు పాత సంగతే. ఈ మధ్య కొత్తగా కనిపిస్తున్నది ఏమిటంటే, పిల్లవాడిని స్కేటింగ్ క్లాసుకు తీసుకువెళ్ళిన నాన్నగారే చేయి పట్టుకుని వస్తున్నారు. ఏమైందని అడిగితే కాస్త సిగ్గుపడుతూ, "చిన్నప్పుడు బాగా వేసేవాణ్ణి సిస్టర్, ఒక్క రౌండు వేసి చూద్దామనుకున్నాను" అంటారు.

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. 1980 ప్రాంతంలో పెరిగిన మా తరానికి స్కేట్‌బోర్డు అనే మాటే తెలియదు. మెకానిక్ షెడ్డులో పారేసిన బాల్ బేరింగులు అడిగి తెచ్చుకుని, చెక్కపలక కింద బిగించి, ఏటవాలు రోడ్డు మీద గరగరమంటూ జారిన బేరింగు బండే మా స్కేట్‌బోర్డు. కలిగినవారి ఇళ్ళలో బూట్లకు బిగించుకునే ఇనుప చక్రాల స్కేట్లు ఉండేవి. ఆడపిల్లలకైతే, పెద్దమనిషి కాగానే ఆ సరదా అక్కడితో సరి. అలాంటి అమ్మ నలభై అయిదేళ్ళ వయసులో కూతురి స్కేట్లు కట్టుకుని చూసుకుంటానంటే, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమన్నా సరే, నాకు మాత్రం సంతోషమే.

వయసు అడ్డు కాదని నిరూపించినవారు ఉన్నారు. స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2021లో జరిగిన టోక్యో పోటీల్లో. అక్కడ 13 ఏళ్ళ జపాను అమ్మాయి మోమిజి నిషియా బంగారు పతకం గెలిచింది. ఆ తర్వాత 2024 పారిస్ పోటీల్లో బ్రిటన్ తరఫున ఆండీ మెక్‌డొనాల్డ్ 51 ఏళ్ళ వయసులో, దక్షిణాఫ్రికా తరఫున డల్లాస్ ఓబర్‌హోల్జర్ 49 ఏళ్ళ వయసులో బోర్డు ఎక్కారు. మన హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు సాధించి, 2015లో అర్జున అవార్డు అందుకున్నారు. అయితే ఒక తేడా గమనించాలి. మెక్‌డొనాల్డ్ వంటివారు చిన్ననాటి నుంచి ఆట వదలలేదు. మనం వదిలేసి ముప్ఫై ఏళ్ళయింది.

ఒకసారి నేర్చుకున్న చక్రాల ఆటను చిన్నమెదడు సులభంగా మరచిపోదు. ఈత, సైకిలు లాగానే రెండు రోజుల్లో గుర్తుకు వస్తుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. ధైర్యం పన్నెండేళ్ళ పిల్లవాడిది, శరీరం నలభై అయిదేళ్ళ మనిషిది. పిల్లల ఎముక పచ్చికొమ్మ లాంటిది, చాలాసార్లు పూర్తిగా విరగకుండా వంగి చిట్లుతుంది, త్వరగా అతుకుతుంది. పెద్దవాళ్ళు ఎక్కువ బరువుతో, ఎక్కువ ఎత్తు నుంచి పడతారు. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చేసి, అప్పటినుంచి ఇరవై ఏళ్ళు కుర్చీలోనే గడిపినవారికి తొడ కండరాల్లో పట్టు ఉండదు. ముట్లు ఆగిపోయిన స్త్రీలలో ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, బోర్డు మీద కాలు ఎక్కడ ఉందో సరిగ్గా తెలియదు.

కాబట్టి ముందు ఇంట్లోనే పరీక్షించుకోండి. గోడ పక్కన నిలబడి, ఒంటికాలి మీద పది సెకన్లు ఉండగలరా? కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవగలరా? లేకపోతే మూడు నాలుగు వారాలు ఇవే వ్యాయామాలుగా చేసి, ఆ తర్వాతే చక్రాలు ఎక్కండి. షుగరు, గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు మీ డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి.

స్థలం విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను. అమీర్‌పేట, పంజాగుట్ట సందులు చక్రాలకు తగినవి కావు. చిన్న గులకరాయి అడ్డుపడినా బోర్డు ఆగిపోతుంది, మనిషి ఆగడు. అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు నున్నగా ఉందని ముచ్చటపడవద్దు, మలుపులోంచి కారు వచ్చేది కనిపించదు. ఇందిరా పార్కులో స్కేటింగ్ రింకు ఉంది, అలాంటి చోటికి వెళ్ళండి. అయిదేళ్ళలోపు పిల్లలకు స్కేట్‌బోర్డు వద్దని, పదేళ్ళ వరకు పెద్దవాళ్ళు దగ్గరే ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. మీరు ఆటలో మునిగితే ఆ దగ్గర ఉండేది ఎవరో ముందే అనుకోండి.

హెల్మెట్, మోకాలి, మోచేతి కవచాలు పిల్లలకు కొని తాము పెట్టుకోని తల్లిదండ్రులే ఎక్కువ. ఒక్కటే కొనగలిగితే హెల్మెట్, రెండవది మణికట్టు కవచం. పడేటప్పుడు ఎవరైనా చేతులు చాచి ఆనుకుంటారు, బరువంతా మణికట్టు మీద పడుతుంది. పడబోతున్నారని తెలిస్తే మోకాళ్ళు వంచి కిందికి కూర్చున్నట్లుగా తగ్గి, భుజం వైపుగా ఒరిగి దొర్లండి. దీన్ని పరుపు మీద సాధన చేయవచ్చు.

పడితే మొట్టమొదట ఉంగరాలు, గాజులు, వాచీ తీసివేయండి. అరగంట గడిస్తే వాపు వచ్చి, మేము కట్టరుతో కోయవలసి వస్తుంది. మడిచిన న్యూస్‌పేపరు చేతి కింద పెట్టి, చున్నీతో మెడకు వేలాడదీయండి. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. నూనె రాసి రుద్దవద్దు, లాగవద్దు. చేయి వంకర పోయి ఉంటే, మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక డాక్టరు చూసేవరకు ఏమీ తినవద్దు.

పుత్తూరు కట్టు మాట ఎత్తకుండా ఉండలేను. పంజాగుట్టలో 1964లో ప్రారంభమైన నిజాం ఎముకల ఆసుపత్రే నేటి నిమ్స్. అలాంటి చోటు పక్కనే పెట్టుకుని కూడా ఎక్స్‌రే లేకుండా గట్టి కట్టు కట్టించుకునేవారు ఉన్నారు. ఏ కట్టయినా, ఎవరు కట్టినా, వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. రక్తప్రసరణ ఆగిన కండరం కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది.

తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, మతిమరుపు, పెరిగే తలనొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు, తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నా వెంటనే రావాలి.

చివరిగా, పడినరోజు ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని నిశ్చింతగా వెళ్ళిపోయేవారికి ఒక మాట. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట కనిపిస్తుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, స్కాఫాయిడ్ అనే జీడిపప్పు ఆకారపు ఎముక విరిగి ఉండవచ్చు. దీని చీలిక మొదటి రోజుల్లో ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. దానికి రక్తం వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది కనుక, నిర్లక్ష్యం చేస్తే వెనుక ముక్క రక్తం అందక చచ్చిపోయి, బండి హ్యాండిలు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. అందుకే డాక్టరు కట్టు వేసి 10 నుంచి 14 రోజులకు మళ్ళీ రమ్మంటారు. నొప్పి తగ్గినా రండి, మొదటి ఎక్స్‌రే కవరు కూడా వెంట తెచ్చుకోండి.