గోడ దాటే దరువు

బతుకమ్మ పండుగ రాత్రి. పెద్దపల్లి జిల్లాలో బొగ్గు గని కార్మికుల క్వార్టర్లున్న సెంటినరీ కాలనీ. వీధి చివర పెద్ద పెద్ద సౌండు బాక్సుల్లో పాట మోగుతోంది. ఇంట్లోకి వచ్చి తలుపులు మూయండి. పాటలోని మాటలు మాయమవుతాయి. "ధుం ధుం" అనే దరువు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. దీనికి కారణమేమిటి?

ధ్వని పుట్టేది కంపనాల వల్ల. సెకనుకు ఎన్ని కంపనాలో దానినే పౌనఃపున్యం అంటారు. దానిని హెర్ట్‌జ్‌లలో కొలుస్తారు. మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల వరకు వినగలదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 5,000 హెర్ట్‌జ్‌ల కీచు ధ్వని తరంగ దైర్ఘ్యం 6.8 సెంటీమీటర్లే. 50 హెర్ట్‌జ్‌ల మంద్ర ధ్వనిది 6.8 మీటర్లు!

వేగంగా వచ్చే కంపనాలకు బరువైన గోడ అంతగా చలించదు. నెమ్మదైన కంపనాలకు మాత్రం కొద్దిగా ఊగి, అవతలి గాలిని కూడా ఊపుతుంది. అందుకే దరువు గోడ దాటుతుంది, మాటలు దాటలేవు.

ఇప్పుడు ఇలాంటి పాటలను చాలామంది కంప్యూటరు మీదే తయారు చేస్తున్నారు. డ్రమ్ము, బాస్, గొంతు వేరువేరుగా తీసుకుని, ఏది ఎంత వినిపించాలో సరిచేయడమే మిక్సింగ్. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎదురెదురు గోడల మధ్య 3.4 మీటర్లున్న గదిలో 50 హెర్ట్‌జ్‌ల ధ్వని మోగించామనుకోండి. గోడలకు తగిలి వెనక్కు వచ్చిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. గోడల దగ్గర దరువు హోరెత్తుతుంది. గది నడుమ దాదాపు వినిపించదు! నడుమ కూర్చున్న వ్యక్తి "బాస్ చాలలేదు" అని పెంచేస్తాడు. అదే పాట మైదానంలో మోగినప్పుడు మాటలన్నీ దరువులో మునిగిపోతాయి. తప్పు చెవిది కాదు, గదిది.

మరి ఏం చేయాలి? ఒకేచోట కూర్చోకుండా గదిలో అటూ ఇటూ నడిచి వినాలి. గొంతులో, ఇతర వాద్యాలలో అక్కరలేని మంద్ర ధ్వనులను ఫిల్టరుతో తీసేయాలి. డ్రమ్ము మోగిన క్షణంలో బాస్‌ను కాస్త తగ్గించాలి. అప్పుడు రెండూ ఒకదానినొకటి కప్పేయవు. చివరకు ఆ పాటను ఇంకో ఇంట్లో, ఆరుబయట కూడా విని చూడాలి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. 170ని మీ గది పొడవుతో (మీటర్లలో) భాగించండి. ఆ పౌనఃపున్యం గల ధ్వనిని గోడ పక్కన పెట్టిన పెద్ద స్పీకరులో మెల్లగా మోగించి, ఎదుటి గోడ దాకా నడవండి. ఫోను స్పీకరు ఇందుకు పనికిరాదు, అది అంత మంద్ర ధ్వనిని పలికించలేదు. దరువు ఎక్కడ తగ్గిందో, మళ్లీ ఎక్కడ పెరిగిందో గుర్తించండి. ఈసారి పండుగకు పాట తయారుచేసే అన్నయ్యకు ఆ సంగతి చెప్పండి. మాటలు కూడా వినిపించే పాటకు మీరూ సాయపడినట్లే!