ర్యామ్ పెట్టె మీది అంకెలు

రెండు ర్యామ్ కిట్లు తీసుకుందాం. రెండూ డీడీఆర్4 రకమే, రెండింట్లోనూ 8 జీబీ స్టిక్కులు రెండేసి, రెండూ 1.35 వోల్టులతో నడిచేవే. మొదటి పెట్టె మీద 3200, 14-14-14 అని ఉంది. రెండోదాని మీద 3600, 18-22-22 అని ఉంది. దుకాణంలో అడిగితే 3600 వైపే చెయ్యి చూపిస్తారు. కానీ నిర్ణీత వేగానికి మించి నడిపే ఓవర్‌క్లాకింగ్ మోజున్నవాళ్లు కొన్నేళ్లపాటు మొదటిదాని కోసమే వెతికి మరీ, ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొన్నారు. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి.

3600 అంటే ఒక్కో డేటా తీగ మీద సెకనుకు 360 కోట్ల బదిలీలు. గడియారపు ఒక్కో కొట్టుకు రెండు బదిలీలు జరుగుతాయి కాబట్టి అసలు గడియారం 1800 మెగాహెర్ట్జ్. తర్వాతి మూడు అంకెలు వేగాలు కావు, నిరీక్షణలు. మెమరీ చిప్‌లో డేటా వరుసలుగా ఉంటుంది. కావలసిన వరుస అప్పటికే తెరిచి ఉంటే మొదటి అంకె మేరకు ఆగితే చాలు. వేరే వరుస తెరిచి ఉంటే దాన్ని మూయాలి, కొత్తది తెరవాలి, ఆ తర్వాత చదవాలి. అప్పుడు మూడు అంకెలూ కలుస్తాయి. మొదటి కిట్‌లో మొత్తం 42 కొట్లు, 1600 మెగాహెర్ట్జ్ దగ్గర 26.25 నానోసెకన్లు. రెండోదానిలో 62 కొట్లు, అంటే సుమారు 34.4 నానోసెకన్లు. బారులు తీరిన డేటాను గంపగుత్తగా లాగేటప్పుడు 3600ది పైచేయి: రెండు ఛానెళ్లు కలిపి సెకనుకు 57.6 జీబీ, 3200కి 51.2. అక్కడొకటి ఇక్కడొకటి వెతుక్కునే పనిలో, ముఖ్యంగా చాలా ఆటల్లో, 3200 గెలవచ్చు.

ఇదంతా పెట్టె మీది లెక్క. కొన్నవాళ్ల ఆశ అంతటితో ఆగలేదు. వాళ్లకు కావలసింది లోపలున్న చిప్.

ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ పేరిట 1968లో వచ్చిన పేటెంటే నేటి ర్యామ్‌కు మూలం. ఒక బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. కెపాసిటర్‌లో ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. చిక్కేమిటంటే ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4 ప్రమాణం ప్రకారం ప్రతి 64 మిల్లీసెకన్లలో అన్ని వరుసలనూ చదివి తిరిగి నింపాలి. దీనికి సగటున ప్రతి 7.8 మైక్రోసెకన్లకు ఒక రిఫ్రెష్ ఆదేశం వెళుతుంది. 8 గిగాబిట్ చిప్‌కు ప్రమాణం ఒక్కో రిఫ్రెష్‌కు 350 నానోసెకన్లు కేటాయించింది. ఆ సేపు చిప్ ఎవరి పిలుపుకూ పలకదు. లెక్కిస్తే మొత్తం సమయంలో దాదాపు నాలుగున్నర శాతం ఇలా పోతోంది.

శాంసంగ్ తయారుచేసిన 8 గిగాబిట్ ‘బీ-డై’ చిప్‌కు పేరొచ్చింది ఇక్కడే. దాని రిఫ్రెష్ సమయాన్ని 160 నానోసెకన్ల దరిదాపులకు తగ్గించినా తట్టుకునేది. నాలుగున్నర శాతం రెండుకు దిగుతుందన్నమాట. పైగా వోల్టేజీ పెంచేకొద్దీ నిరీక్షణలు తగ్గించుకోనిచ్చేది. 1.5 వోల్టుల దగ్గర 3600కో 3800కో ఎక్కి, మొదటి అంకె 14 దగ్గరే నిలిచిన కిట్లు చాలా ఉన్నాయి. మైక్రాన్ ‘ఈ-డై’ది మరో స్వభావం. గడియార వేగం సులువుగా పెంచుకోనిస్తుంది గానీ రిఫ్రెష్ సమయం మాత్రం అంతగా తగ్గనివ్వదు. స్టిక్కుల మీద కనిపించే బ్రాండ్లలో చాలావాటికి సొంత చిప్ ఫ్యాక్టరీలు లేవు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌ల దగ్గర చిప్‌లు కొని, పరీక్షించి, వేగాన్ని బట్టి గ్రేడ్లుగా విడదీసి లేబుల్ వేస్తారు. 1.35 వోల్టుల దగ్గర 3200ని 14-14-14తో నడపడం అప్పట్లో బీ-డైకే సాధ్యమైన పని. కాబట్టి ఆ లేబులే దాని గుర్తు. 18-22-22 అన్న లేబుల్ వెనక ఏ చిప్ ఉందో చెప్పలేం. రెండు కిట్లను పోల్చామంటూ ఏ చిప్ అన్నది రాయని సమీక్షల మీద నాకు గురి కుదరదు.

చిప్ ఎంత మంచిదైనా అవతల ప్రాసెసర్ అందుకోవాలి. ఏఎండీ రైజెన్ 3000, 5000 తరాల్లో ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ సాధారణంగా 1800, మహా అయితే 1900 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. మెమరీ గడియారం దానితో సమానంగా నడిచినంతవరకు లాభమే. 4400 కిట్ తెచ్చిపెడితే రెంటికీ జత తప్పి జాప్యం పెరుగుతుంది, బాగా కుదిర్చిన 3600 చేతిలో అది ఓడిపోతుంది. డీడీఆర్5తో వచ్చిన రైజెన్ 7000కు 6000 అనువైన వేగమని ఏఎండీయే చెప్పింది.

ఇక నిలకడ సంగతి. బయోస్‌లో అంకెలు మార్చాం, విండోస్ తెరుచుకుంది, ఒక ఆట కూడా ఆడాం, కాబట్టి కుదిరిందనుకుంటారు. 16 జీబీలో 13,743 కోట్ల బిట్లున్నాయి. వాటిలో ఎప్పుడో ఒకటి తారుమారైతే ఏం జరుగుతుందన్నది అది ఎక్కడ పడిందన్న దాన్ని బట్టే. ఫొటోలో పడితే ఒక చుక్క రంగు మారుతుంది, జిప్ ఫైల్లో పడితే అది విప్పుకోదు. సిస్టమ్ ఫైలును డిస్క్ మీద తిరిగి రాసే క్షణంలో పడితే ఆ తప్పు శాశ్వతమై కూర్చుంటుంది. నీలి తెర వచ్చి ఆగిపోవడం వీటన్నిటికన్నా నయం, కనీసం తెలుస్తుంది. అందుకే పెన్ డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86తో మొదలుపెట్టి, విండోస్‌లో టెస్ట్‌మెమ్5, కార్హు లాంటివి గంటల తరబడి నడుపుతారు. పాస్ మార్కులు ఇక్కడ నూటికి నూరే. ఒక్క తప్పు దొర్లినా ఆ సెట్టింగ్ పనికిరానట్టే.

ఈ పరీక్షను ఏ కాలంలో చేశారన్నది మనవైపు చాలా ముఖ్యం. వేడి పెరిగితే కెపాసిటర్ నుంచి ఛార్జి మరింత త్వరగా కారుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు చేయాలని ప్రమాణమే చెబుతోంది. ఓవర్‌క్లాకర్లు చేసేది దీనికి సరిగ్గా ఎదురు: రిఫ్రెష్‌ల మధ్య విరామాన్ని బోర్డు ఒప్పుకున్న మేరకు 65,535 కొట్ల దాకా పెంచుతారు. 3600 వేగంలో అది 36 మైక్రోసెకన్ల పైమాటే, ప్రమాణానికి నాలుగు రెట్లకు మించి. ఇలా బిగించిన బీ-డై 50 డిగ్రీల దరిదాపుల్లోనే తప్పులు మొదలుపెట్టడం మామూలే. జనవరి రాత్రి విజయవాడలో నెగ్గిన సెట్టింగ్ మే నెల మధ్యాహ్నం, కింద గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి ఊదుతుండగా నిలుస్తుందని చెప్పలేం. మెమరీ పరీక్ష నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డుకూ పని పెట్టాలి. ఏసీ ఆపేసి చేస్తే ఇంకా మంచిది.

డీడీఆర్5 స్టిక్కుల్లో వోల్టేజీ నియంత్రించే చిప్ స్టిక్ మీదే ఉంటుంది, వేడికి అదీ తన వంతు కలుపుతుంది. చిప్ లోపలే ఒంటి బిట్ తప్పులను సరిచేసే ఏర్పాటు కూడా ఉంది. దీన్ని చూసి సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ వచ్చేసిందని మురిసిపోనక్కర్లేదు. స్టిక్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో దొర్లే తప్పుకు దీని కాపలా లేదు. ఓవర్‌క్లాకింగ్‌లో బెడిసికొట్టే చోట్లలో ఆ దారీ ఒకటి. వోల్టేజీతో మరో ప్రమాదముంది. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాయి. మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయగానే కొన్ని బోర్డులు ప్రాసెసర్‌లోని ఎస్‌ఓసీ వోల్టేజీని మితిమీరి పెంచాయి. ఆ తర్వాత ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు కట్టడి చేసింది.

ఇంత శ్రమకు ఫలమెంత? ట్యాలీకి, బ్రౌజర్‌కు ఏమీ లేదు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న 5800 ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్లు మెమరీ దాకా రావడమే తక్కువ కాబట్టి వాటికీ స్వల్పమే. నా లెక్కలో అందరికీ దక్కే లాభం ఒక్కటే: బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయడం. అది చేయకపోతే 3600 కిట్ కూడా 2133, 2666 లాంటి మామూలు వేగంతోనే నడుస్తుంది. పెట్టె మీది అంకెకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి అలాగే వాడుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు రెండు స్టిక్కులు కొని, మరో జత తర్వాత చేర్చుకుందామనే ఆలోచన మన ఇళ్లలో సహజం. రైజెన్ 7000 స్పెసిఫికేషన్లలో రెండు స్టిక్కులతో అధికారిక వేగం 5200 వరకు ఉంటే, నాలుగు స్టిక్కులతో అది 3600కు పడిపోతుంది. పైగా అదే మోడల్ నంబరుతో ఏడాది తర్వాత కొన్న కిట్‌లో వేరే కంపెనీ చిప్ ఉండొచ్చు, కిట్‌ను ఫ్యాక్టరీలో పరీక్షించింది ఆ రెండు స్టిక్కులను కలిపి మాత్రమే. 32 జీబీ అవసరం పడేలా ఉంటే మొదట్లోనే 16 జీబీ స్టిక్కులు రెండున్న కిట్ కొనడం మేలు.