ఒకే కప్పు కింద రెండు శీతలీకరణ పద్ధతులు: భవనాల్లో శక్తిపొదుపు, నియంత్రణ - పోచారం ప్రయోగం

వ్యాససంగ్రహం

భవనాల శీతలీకరణలో విద్యుత్తు వృథా కావడానికి యంత్రాల నాణ్యతాలోపం ఒక్కటే కారణం కాదు. గాలిని చల్లబరచడం, తేమను తొలగించడం, స్వచ్ఛమైన గాలిని అందించడం అనే మూడు భిన్నమైన పనులను ఒకే గాలిప్రవాహంతో చేయించడం అంతకంటే లోతైన కారణం. ఈ పనులను విడదీసినప్పుడు కలిగే లాభాన్ని, దానివల్ల తలెత్తే కొత్త నియంత్రణ సమస్యలను హైదరాబాదు సమీపంలోని పోచారం ఇన్ఫోసిస్ ప్రాంగణ భవనం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శీతలీకరణ, వికిరణం, తుషారస్థానం, ఉష్ణసౌఖ్యం, నియంత్రణ, శక్తిపొదుపు.

ఉపోద్ఘాతం

1902లో న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయాన్ని బాధించిన సమస్య వేడి కాదు, తేమ. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉండేది. ఒక రంగు మీద మరో రంగు అచ్చువేసే సరికి బొమ్మల గీతలు పక్కకు జరిగేవి. విల్లిస్ కారియర్ దీనికి పరిష్కారంగా చల్లని గొట్టాల చుట్ట మీదుగా గాలిని పంపే ఏర్పాటును రూపొందించాడు. గొట్టాలను తాకిన గాలిలోని ఆవిరి నీరై జారిపోతుంది, గాలి పొడిబారుతుంది. దానితోపాటు చల్లబడుతుంది కూడా. ఎయిర్ కండిషనింగ్ చరిత్ర ఈ విధంగా ఒకే చుట్ట రెండు పనులు చేయడంతో ఆరంభమైంది. నూరేళ్లు దాటినా ఎక్కువ భవనాల్లో ఆ ముడి విడిపోలేదు.

ముడి ఖరీదు

గదిలో గాలి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, 50 శాతం సాపేక్ష ఆర్ద్రతతో ఉందనుకుంటే, దాని తుషారస్థానం, అంటే ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాదాపు 14 డిగ్రీలు. ఆ గదిలోని వేడిని తొలగించడానికి 18 డిగ్రీల ఉపరితలం ఉన్నా సరిపోతుంది. తేమను తొలగించాలంటే మాత్రం ఉపరితలం 14 డిగ్రీల కంటే చల్లగా ఉండి తీరాలి. రెండు పనులకూ ఒకే చుట్ట ఉన్నందువల్ల కఠినమైన పని కోసమే మొత్తం నీటిని చల్లబరచాల్సి వస్తుంది. అందుకే పెద్ద భవనాల చిల్లర్లు సాధారణంగా 6, 7 డిగ్రీల నీటిని తయారుచేస్తాయి. చిల్లర్ నుంచి వెలువడే నీటి ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచగలిగితే దాని సామర్థ్యం సుమారు 2 నుంచి 3 శాతం మెరుగుపడుతుంది. ఈ లెక్కన, ఏడెనిమిది డిగ్రీల అనవసర శీతలత ఏడాది పొడవునా చెల్లిస్తూ ఉండే సుంకం వంటిది.

దీని వికృతరూపం శస్త్రచికిత్స గదుల వంటి చోట్ల కనిపిస్తుంది. తేమ కోసం గాలిని 12 డిగ్రీల వరకూ చల్లబరచి, ఆ చలి భరించరానిది కనుక అదే గాలిని హీటరుతో మళ్లీ వేడిచేస్తారు. శీతలీకరణకు ఒకసారి, తాపనానికి ఒకసారి విద్యుత్తు ఖర్చవుతుంది. చాలా కార్యాలయాల్లో హీటరు ఉండదు. ఆ పాత్రను ఉద్యోగుల స్వెట్టర్లు పోషిస్తాయి.

రెండో ఖర్చు రవాణాది. ఒక ఘనమీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కేటప్పుడు మోసుకుపోయే ఉష్ణం, అంతే ఘనపరిమాణం గల గాలి మోసే ఉష్ణానికి దాదాపు 3,500 రెట్లు. అయినా భవనంలోని వేడిని బయటికి మోసే బాధ్యతను సాధారణంగా గాలికే అప్పగిస్తారు. ఇందుకు పెద్ద డక్టులు, పెద్ద ఫ్యాన్లు కావాలి. ఫ్యాను వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది తీసుకునే విద్యుత్తు, వేగపు ఘనానికి అనుపాతంలో ఉండే కారణంగా, దాదాపు సగానికి పడిపోతుంది. వేగాన్ని మార్చే పరికరం లేనిచోట మాత్రం ఫ్యాను పూర్తివేగంతో తిరుగుతూనే ఉంటుంది, గాలి ఎక్కువైతే తలుపులాంటి డ్యాంపరును మూస్తారు. పొయ్యిమంట తగ్గించకుండా, పొంగే పాల మీద నీళ్లు చిలకరిస్తూ కూర్చోవడం లాంటిది ఇది.

పోచారం భవనం

పోచారంలో ఇన్ఫోసిస్ సంస్థ 2011లో వినియోగంలోకి తెచ్చిన ఎస్‌డీబీ-1 అనే కార్యాలయ భవనం ఈ చర్చకు అరుదైన ఆధారం. సౌష్టవంగా నిర్మించిన ఆ భవనాన్ని రెండు సగాలుగా విభజించారు. ఒక సగంలో అవసరాన్ని బట్టి గాలి పరిమాణాన్ని మార్చే ప్రచలిత పద్ధతిని, మరో సగంలో శ్లాబులో పొదిగిన గొట్టాల ద్వారా చల్లని నీటిని ప్రవహింపజేసే వికిరణ పద్ధతిని అమర్చారు. గోడలు, కిటికీలు, దీపాలు, చేసే పని రెండు వైపులా ఒకటే. ప్రచలిత పద్ధతి ఉన్న సగాన్ని కూడా జాగ్రత్తగా రూపొందించారు. ఓడించడానికి వీలుగా బలహీనమైన ప్రత్యర్థిని నిలబెట్టలేదు. ఈ పోలికకు విలువ అక్కడినుంచే వచ్చింది.

రెండేళ్ల కొలతల ఫలితాలు 2014లో ఆష్రే జర్నల్‌లో ప్రచురితమయ్యాయి. ఏడాదికి చదరపు మీటరుకు శీతలీకరణ కోసం ప్రచలిత పద్ధతి 38.7 యూనిట్లు, వికిరణ పద్ధతి 25.7 యూనిట్లు వినియోగించాయి. అంటే తగ్గుదల దాదాపు 34 శాతం. నిర్మాణవ్యయం రెండింటికీ ఇంచుమించు సమానమని తేలడం అంతకంటే ఆలోచించదగిన విషయం.

వికిరణ పద్ధతిలో చల్లని కప్పు మనుషుల నుంచి, కంప్యూటర్ల నుంచి వెలువడే వేడిని నేరుగా గ్రహిస్తుంది. శరీరం చుట్టూ ఉన్న గాలితోపాటు కప్పుతో, గోడలతో కూడా ఉష్ణాన్ని మార్చుకుంటుంది. కాబట్టి కప్పు చల్లగా ఉంటే గాలి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా ఉన్నా సౌఖ్యం తగ్గదు. శ్లాబుకు 14 నుంచి 16 డిగ్రీల ప్రాంతపు నీరు చాలు. గాలికి మిగిలే పని ఊపిరికి కావలసినంత స్వచ్ఛమైన గాలిని ఆరబెట్టి అందించడమే. డక్టులు చిన్నవవుతాయి, ఫ్యాన్ల విద్యుత్తు తగ్గుతుంది. కారియర్ చుట్టతో పడిన ముడి ఇక్కడ విడిపోతుంది.

మందకొడి శ్లాబు, తొందరపాటు థర్మోస్టాట్

ముడి విడిపోయాక నియంత్రణ సులభమవుతుందని అనుకుంటే పొరపాటే. థర్మోస్టాట్ స్వభావం జరిగినదానికి స్పందించడం. గాలి వేడెక్కితే యంత్రాన్ని నడుపుతుంది, చల్లబడితే ఆపుతుంది. గాలి నిమిషాల్లో మాట వింటుంది. కాంక్రీటు శ్లాబుకు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి గది వేడెక్కిందని గుర్తించి నీటిని వదిలితే, శ్లాబు పూర్తిగా చల్లబడేసరికి ఉద్యోగులు ఇళ్లకు చేరుకుంటారు. కాబట్టి శ్లాబు విషయంలో రేపటి ఎండను, రేపటి హాజరును ముందుగా అంచనా వేసి రాత్రే పని మొదలుపెట్టాలి.

ఈ దిశలో జరిగిన పరిశోధనల్లో స్విట్జర్లాండుకు చెందిన ఆప్టికంట్రోల్ ప్రాజెక్టు ప్రసిద్ధమైనది. ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు భాగస్వాములుగా బాసెల్ సమీపంలోని ఒక కార్యాలయ భవనంలో, వాతావరణ సూచనను, భవనపు గణితనమూనాను జోడించి తాపనాన్ని, శీతలీకరణను నియంత్రించారు. పాత నియంత్రణతో పోల్చిన కంప్యూటర్ అనుకరణల్లో సుమారు 17 శాతం శక్తి ఆదా అవుతుందని తేలింది. అయితే ఒక్కొక్క భవనానికి నమూనా తయారుచేయడానికయ్యే శ్రమ, ఖర్చు ఆ ఆదాకు మించుతున్నాయని ఆ పరిశోధకులే తేల్చారు. గణితం సిద్ధంగా ఉన్నా దాన్ని చౌకగా భవనానికి తొడిగే మార్గం దొరకలేదన్నమాట.

రెండో సమస్య నీటిబొట్టు. వర్షాకాలంలో హైదరాబాదులో బయటిగాలి తుషారస్థానం తరచు 20 డిగ్రీలు దాటుతుంది. ఎవరైనా ఒక కిటికీని తెరిచి ఉంచితే ఆ గాలి చల్లని కప్పును తాకి బొట్లుగా మారి కింద ఉన్న బల్లల మీద రాలుతుంది. అందుచేత ఈ పద్ధతిలో ప్రధాన సెన్సరు ఉష్ణోగ్రతను కొలిచేది కాదు, తేమను కొలిచేది. తుషారస్థానం శ్లాబు ఉష్ణోగ్రతకు చేరువైతే నీటిని కాస్త వెచ్చబరచాలి లేదా ప్రవాహాన్ని ఆపాలి. ఆ సెన్సరు తప్పు లెక్క చూపితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఆ తప్పును నమ్మకంగా అమలుచేస్తుంది. సెన్సరును కాపీయంత్రం పక్కనో, ఎండపడే గోడమీదో బిగించి, ఆపైన నియంత్రణ సూత్రాలను తప్పుపట్టడం ఈ రంగంలో పరిపాటి.

ఎంత చల్లదనం?

యంత్రాన్ని ఎలా నడపాలన్న ప్రశ్నకు ముందు దానిని ఏమి కోరాలన్న ప్రశ్న ఉంది. మాధవి ఇంద్రగంటి 2008 వేసవి, వర్షాకాలాల్లో హైదరాబాదులోని 45 ఫ్లాట్లలో నూరుమందికి పైగా నివాసుల అనుభూతులను నమోదుచేశారు. వారికి 26 నుంచి 32.5 డిగ్రీల వరకూ సౌఖ్యంగానే ఉందని, తటస్థ ఉష్ణోగ్రత 29.2 డిగ్రీలని ఆ అధ్యయనంలో వెల్లడైంది. ఆనాటి జాతీయ భవన నియమావళి వేసవికి సూచించిన పరిధి 23 నుంచి 26 డిగ్రీలు. నియమావళి సౌఖ్యమనుకున్నది ఎక్కడ ముగిసిందో, నివాసుల సౌఖ్యం అక్కడ మొదలైంది. వారు ఫ్యాన్లు వేసుకుని, కిటికీలు తెరుచుకుని, నూలుబట్టలు కట్టుకుని ఉన్నవారు. ఆ అంకెలను మూసిన అద్దాల కార్యాలయానికి యథాతథంగా అన్వయించలేము. కానీ సౌఖ్యానికి ఒకే అంకె ఉంటుందన్న భావనను ఆ ఫలితం బలంగా ప్రశ్నించింది. తరువాత అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో, బయటి వాతావరణంతోపాటు సౌఖ్యపరిధి కూడా మారే భారతీయ నమూనా రూపొందింది.

2020 జనవరి 1 నుంచి గది ఏసీలు 24 డిగ్రీల వద్దే మొదలయ్యేలా తయారుకావాలని కేంద్రం నిర్దేశించింది. వినియోగదారుడు రిమోటుతో మార్చుకోవచ్చు. అలవాటు బలాన్ని పొదుపుకు వాడుకోవడం వివేకమే. అయితే తెరమీద కనిపించే ఆ అంకె తేమ గురించి ఏమీ చెప్పదు. సముద్రతీరంలోని ఇంట్లో జిగటగా అనిపించే గాలికి విసిగి 20కి తగ్గించే వ్యక్తి నిజానికి కోరుతున్నది చలి కాదు, పొడిగాలి. అతని రిమోటులో దాన్ని నేరుగా కోరే అంకె లేదు.

వ్యాప్తికి అడ్డంకి

నిర్మాణవ్యయం సమానమై, విద్యుత్తు మూడోవంతు తగ్గినా వికిరణ పద్ధతి విస్తృతంగా వ్యాపించలేదు. దీనికి సాంకేతిక కారణాల కంటే యాజమాన్య కారణమే బలమైనదని భావించవచ్చు. పోచారంలో కట్టినవారే బిల్లు కడతారు. అద్దె కార్యాలయాల్లో కట్టేవారు ఒకరు, బిల్లు కట్టేవారు మరొకరు. శ్లాబు పోసేనాటికి అద్దెదారు ఎవరో కూడా తెలియదు, శ్లాబులో గొట్టాలు వేయాలన్న నిర్ణయమేమో ఆనాడే జరగాలి.

వాతావరణ కారణమూ ఉంది. దక్కను పీఠభూమి వేసవి పొడిగా ఉంటుంది కనుక ఆ నెలల్లో శ్లాబుకు తేమ భయం తక్కువ. విశాఖపట్టణంలో వేసవి కూడా తేమతోనే వస్తుంది. అక్కడ గాలిని ఆరబెట్టే పని పెద్దదవుతుంది, శ్లాబు చేయగలిగిన పని వాటా తగ్గుతుంది. 34 శాతం అనే అంకె అక్కడ ఎంతకు కుదించుకుపోతుందో చెప్పాలంటే, తీరప్రాంతంలో కూడా ఒక భవనాన్ని రెండు సగాలు చేసి, రెండింటికీ వేర్వేరు మీటర్లు బిగించి, కనీసం రెండు వర్షాకాలాలు కొలవవలసి ఉంటుంది.