పెరటి కోళ్ళు, బాతులు – వాటి మేత

కోళ్ళకు మేత వెయ్యడం కూడా ఒక శాస్త్రమేనా, గుప్పెడు నూకలు చల్లి "బో బో" అని పిలిస్తే పరుగెత్తుకు రావూ అని నవ్వేవారుంటారు. వస్తాయి, తింటాయి కూడా. కాని అంతమాత్రాన వాటి కడుపు నిండిందనే గాని వాటికి పోషణ జరిగిందని చెప్పలేము.

మన కాలేజీలో చాలామందిమి పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. ఇంటి దగ్గర అమ్మో, నాయనమ్మో నాలుగు కోళ్ళు పెంచుతూ వుంటారు. పంట డబ్బు ఎవరి చేతికి పోయినా గుడ్ల డబ్బు మాత్రం ఆడవాళ్ళ కొంగుముడిలోనే వుంటుంది. మన పరీక్ష ఫీజుకు తక్కువపడితే ముందుగా విప్పేది ఆ ముడే. జువాలజీ చదివేవాళ్ళం కోడి పిండం 33 గంటలప్పుడు ఎలా వుంటుందో, 72 గంటలప్పుడు ఎలా వుంటుందో బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తాం. ఆ పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చాక ఏం తినాలో మాత్రం మనల్ని ఏ ప్రశ్నపత్రంలోనూ అడగరు. అడగనిదే చెప్పుకుందాం.

వెనకటి రోజుల్లో పెరటికోడి నిజంగా తిన్నదేమిటి? పొద్దున్నే గంప ఎత్తగానే అది నూకల కోసం ఆగేది కాదు. పెంటకుప్ప మీద కెక్కి కాళ్ళతో గీరి పురుగులు, వానపాములు ఏరుకునేది. కళ్ళంలో రాలిన గింజలు, గోడవారన చెదలు, దడి కింద గరిక, తోటకూర మొక్కలు – ఇవన్నీ దాని మెనూ. మనం వేసిన నూకలు సాయంత్రం దాన్ని గూటికి రప్పించడానికి పెట్టిన లంచం మాత్రమే. అసలు భోజనం పెట్టింది పెరడు. ఇప్పుడా పెరడు ఏదీ? ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది, పెంటకుప్ప చిన్నదయింది. కోత యంత్రాలు పొలంలోనే నూర్చి పోస్తున్నాయి, ఊరి పక్కన కళ్ళం లేదు. పెరటికి ప్రహరీ వచ్చింది, నేలకు సిమెంటు వచ్చింది. కోడి అదే, గుప్పెడు నూకలూ అవే. మధ్యలో వున్న భోజనం మాయమైంది. "ఈ మధ్య కోళ్ళు సరిగ్గా పెట్టడం లేదు, ఏ దిష్టి తగిలిందో" అని మన ఇళ్ళల్లో అంటున్నారంటే ఆ దిష్టి పేరు ఇదే.

లెక్క కట్టి చూడండి. యాభై గ్రాముల గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం వుంటుంది. పెద్దకోడి రోజుకు వంద, నూట ఇరవై గ్రాముల మేత తింటుంది. అదంతా నూకలే అయితే దానికి దక్కే మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు. ఒంటికి పోను గుడ్డుకేం మిగులుతుంది? కాల్షియమైతే నూకల్లో లేనట్టే లెక్క. ఏడాదికి యాభై అరవై గుడ్లు పెట్టే నాటుకోడి ఎలాగో నెట్టుకొస్తుంది. కాని హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరళ్ళ కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు తెచ్చి, మంచి మేత మీద నూటయాభై పైన పెట్టగల గ్రామప్రియకు కూడా నూకలే చల్లితే, జాతి మంచిది కాదని జాతిని తిట్టి ప్రయోజనం లేదు.

వట్టి తెల్లబియ్యం పెడితే ఏమవుతుందో లోకానికి నేర్పింది కూడా కోళ్ళే. 1890 ప్రాంతంలో, అప్పటి బటావియాలో, అంటే నేటి జకార్తాలో, ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధి కారణం వెతుకుతున్నాడు. ఆయన ప్రయోగశాల కోళ్ళకు ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడ్డాయి. కొన్నాళ్ళకు మళ్ళీ వాటంతటవే లేచి తిరిగాయి. ఆరా తీస్తే తేలిందేమంటే, ఆ మధ్యకాలంలో వాటికి సైనిక ఆస్పత్రి వంటశాలలో మిగిలిన తెల్ల అన్నం పెట్టారు. తరువాత వచ్చిన వంటవాడు సైనికుల అన్నం కోళ్ళకు ఇవ్వనన్నాడు. దాంతో మళ్ళీ ముడిబియ్యం వేశారు, కోళ్ళు బాగుపడ్డాయి. వంటవాడి పిసినారితనం వల్ల వైద్యశాస్త్రానికి ఒక దారి దొరికింది! మరపట్టినప్పుడు తవుడుతో పాటు పోయిన ఆ పదార్థమే మనం బి-1 విటమిన్ అంటున్న థయామిన్. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇలాంటిదే మన దగ్గరి సంగతి ఇంకొకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం జాడ శాస్త్రజ్ఞులకు చిక్కిన దారుల్లో కోడిపిల్లల రక్తహీనత ఒకటి.

కనుక నూకలతో పాటు తవుడు తప్పనిసరి. అయితే తవుడంతా తవుడు కాదు. పాత హల్లరు మిల్లు తవుడులో ఊక కలిసి వుంటుంది. దానిలో పీచు, ఇసుకలాంటి సిలికా తప్ప బలం తక్కువ. గుప్పెడు తవుడు నీళ్ళలో వేస్తే ఊక పైకి తేలి కనబడుతుంది. ఇంకొక చిక్కు – తవుడులో నూనె వుంటుంది గనుక మిల్లు నుంచి తెచ్చిన కొద్దిరోజులకే ముక్కవాసన వేస్తుంది. ఆ వాసన వచ్చిందంటే విటమిన్లు చెడుతున్నాయన్నమాట. నెలకు సరిపడా ఒకేసారి తెచ్చి డబ్బాలో పోసుకోవడం కంటే వారం వారం తెచ్చుకోవడం మేలు.

ఇక చెక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. మాంసకృత్తుల కోసం వేరుశనగ చెక్క పెట్టమని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు, మాట నిజమే. కాని 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు వరసగా చచ్చిపోయాయి. బాతుపిల్లలూ పోయాయి. రోగం పేరు తెలియక "టర్కీ ఎక్స్ వ్యాధి" అన్నారు. చివరకు బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క దగ్గర దొంగ దొరికాడు. చెక్కకు పట్టిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు ఒక విషం తయారుచేస్తున్నది. ఆ బూజు పేరులోంచే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇది కాలేయాన్ని పాడు చేస్తుంది. బాతుపిల్ల దీనికి ఎంత సున్నితమంటే, మేతలో ఈ విషం వున్నదీ లేనిదీ తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఒకరోజు బాతుపిల్లలనే పరీక్షసాధనంగా వాడారు. పక్షుల గొడవే కదా అనుకోకండి. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిన్న మనుషులే వందమందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించి చెప్పింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు.

ఈ విషం ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. "మనుషులకు పనికిరాదులే, కోళ్ళకు వేద్దాం" అని వానకు తడిసిన పల్లీలు, బూజుపట్టిన మొక్కజొన్న, నల్లబడ్డ చెక్క పెరట్లో పారబోసే అలవాటు మన ఇళ్ళల్లో గట్టిగా వుంది. ఇది మానాలి. బాతులున్న ఇంట్లో అయితే వేరుశనగ చెక్క జోలికే పోకుండా సోయా చెక్కో, నువ్వుల చెక్కో వాడడం క్షేమమని నా అభిప్రాయం. పత్తిగింజల చెక్క పశువులకు మంచిదే గాని, దానిలోని గాసిపాల్ వల్ల గుడ్డులో పచ్చసొన నిలవవుంటే ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. ఆముదం చెక్క ఎరువే గాని మేత కాదు, అది విషం. పొలానికని తెచ్చిన ఆ బస్తా పెరట్లో విప్పి పెట్టకూడదు.

ఇప్పుడు బాతుల దగ్గరికి వద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ, నెల్లూరు వైపునా వరి కోతలయ్యాక వందలకొద్దీ బాతుల్ని తోలుకుంటూ మడి నుంచి మడికి పోయేవాళ్ళను చూసే వుంటారు. రాలిన వడ్లు, నత్తలు, చిన్న పీతలు, పురుగులు – ఆ బురదలో బాతుకు దొరికే భోజనం ఏ ఫ్యాక్టరీ దాణాకూ తీసిపోదు. పురుగుమందు గుళికలు చల్లిన మడి మాత్రం తప్పించాలి. గింజ అనుకుని గుళిక మింగితే అంతే సంగతులు. చచ్చిన చేపలు కుళ్ళి పురుగుపట్టిన గుంటలో బాతుల్ని దించితే మెడలు వాలిపోయే బొటులిజం వస్తుంది.

పెరట్లో ఒకటి రెండు జతలు పెంచేవారి తీరు వేరు. మన దగ్గర బాతు గుడ్లను నాటుకోడి కింద పొదగేస్తారు. కోడికి 21 రోజులయితే బాతుకు 28 రోజులు, పాపం ఆ పెంపుడుతల్లి వారం ఎక్కువ కూర్చుంటుంది. పిల్లలు దిగాక వాటికీ కోడిపిల్లల తిండే పెడతారు. రెండు మూడు వారాలకు బాతుపిల్ల కాళ్ళు వంకర తిరిగి కూలబడితే ఏ పక్షవాతమో అనుకుంటారు. చాలాసార్లు అది నయాసిన్ అనే బి-విటమిన్ లోపం. కోడిపిల్లకు కావలసిన దానికంటే బాతుపిల్లకు అది ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి. మొక్కజొన్నలో నయాసిన్ వున్నా ఒంటికి పట్టని రూపంలో వుంటుంది. మనుషుల్లో ఇదే లోపం పెల్లాగ్రా. దక్కను పీఠభూమిలో జొన్నన్నం మీదే బతికే పేదల్లో ఆ వ్యాధి కనబడుతున్నదని, జొన్నలో లూసిన్ ఎక్కువగా వుండడమే కారణం కావచ్చునని 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. తరువాత దాని మీద వాదోపవాదాలు నడిచాయనుకోండి. బాతుపిల్లలకు మాత్రం మందు తేలికే. మేతలో కాస్త ఈస్ట్ పొడి, ఎండుచేపల పొడి కలపడమే. ఉప్పుచేపలు వద్దు, ఉప్పు పక్షులకు పడదు. ఊరగాయ కలిసిన ఎంగిలి మెతుకులు కూడా అందుకే పనికిరావు. కాళ్ళు మొదట్లో వంగుతున్నప్పుడే ఈస్ట్ అందిస్తే నిలబడతాయి. పూర్తిగా వంకరపోయాక చెయ్యగలిగింది తక్కువ.

బాతుకు చెరువు లేకపోయినా ఫరవాలేదు. ముక్కు మొత్తం మునిగేంత లోతున నీళ్ళ తొట్టి మాత్రం మేత పక్కనే వుండాలి. లేకపోతే పొడిమేత గొంతుకు అడ్డం పడుతుంది, ముక్కురంధ్రాలూ కళ్ళూ కడుక్కోలేదు. తడిపిన మేత పూటకు పూట కలపాలి. పొద్దున కలిపింది సాయంత్రానికి పులుస్తుంది.

పెద్దబాతులు, తోటల్లో కాపలాకి పెంచే ఆ పొగరుబోతులు, నిజానికి గడ్డిమేసే జాతి. మొదటి మూడు వారాలు బలమైన మేత ఇచ్చి, ఆపైన లేతగడ్డి మీద వదిలేస్తే చాలా మటుకు వాటి తిండి అవే చూసుకుంటాయి. వాటికీ బాతులకీ సరదాకి రొట్టెముక్కలు విసరడం మంచి అలవాటు కాదు. కడుపు నిండుతుంది, ఒంటికేమీ పట్టదు. టర్కీ, గిన్నికోడి పిల్లలకు కోడిపిల్లల కంటే ఎక్కువ మాంసకృత్తులు కావాలి. బజారులో దొరికే బ్రాయిలరు దాణాలో సాలినోమైసిన్ అనే మందు కలిసివుంటే అది టర్కీకి ప్రాణాంతకం, సంచి మీది చీటీ చదవాలి.

ఇంట్లో కలుపుకునేవారికి ఒక పాళా చెబుతాను. వంద పాళ్ళలో సగం మొక్కజొన్నో, జొన్నో, నూకలో, లేదా మూడూ కలిపో. తవుడు పద్దెనిమిది, సోయా చెక్క పద్దెనిమిది, చేపపొడి ఆరు, గుల్లపొడి ఆరు, మిగిలిన రెండు పాళ్ళు ఖనిజాల మిశ్రమం. మాంసకృత్తులు పదిహేడు శాతం దాకా వస్తాయి, పెట్టే కోడికీ బాతుకీ సరిపోతుంది. పూర్తిగా కట్టేసి పెంచితేనే వంద గ్రాములు పైన కావాలి. తిరిగి మేసే కోడికి సాయంత్రం అందులో సగం చాలు. తెల్లజొన్నలోనూ నూకల్లోనూ ఎ-విటమిన్‌కు ఆధారమైన కెరోటిన్ లేదు గనుక రోజూ తోటకూరో, మునగాకో సన్నగా తరిగి వెయ్యాలి. అజొల్లా పెంచితే దాణా ఖర్చే వుండదని చెప్పేవాళ్ళున్నారు. అజొల్లా మంచిదే, కాని కిలో పచ్చి అజొల్లా తూస్తే అందులో తొమ్మిదివందల గ్రాముల పైన నీళ్ళే. దక్కేది పది పదిహేను గ్రాముల మాంసకృత్తులు. ఆకుకూర అనుకుని వెయ్యండి, అన్నం అనుకుని కాదు.

గింజలు తినే పక్షికి పళ్ళు లేవు, ఆ పని కందనకాయ చేస్తుంది. కూరకు కోసినప్పుడు దానిలో చిన్నచిన్న రాళ్ళు చూసే వుంటారు. అవి పొరపాటున మింగినవి కావు, అవే దాని తిరగలి. సిమెంటు పెరట్లో తిరిగే కోడికి గుప్పెడు సన్నగులక కూడా మనమే వెయ్యాలి. గులక, గుల్ల ఒకటి కాదు. గులక అరగదు, గుల్ల కరిగి పెంకు అవుతుంది. నత్తగుల్లలో ఆల్చిప్పలో దంచి విడిగా ఒక చిప్పలో పెడితే కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. గుడ్డు డొల్లలు వేడి పెనం మీద వేయించి, డొల్ల అని గుర్తుపట్టనంతగా నలగ్గొట్టి వేసినా సరే. నలగ్గొట్టకుండా వేస్తే గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడుతుంది. ఇంకా గుడ్డుకు రాని పిల్లలకు మాత్రం పెద్దవాటి గుల్లమేత పెట్టకూడదు, ఆ కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లల మేత వేరే గంప కింద పెట్టి, తల్లి తల దూరకుండా పుల్లల సందు చూసుకుంటే సరి.