జావా భాషలో ఫ్లోటింగ్ పాయింట్ గణనల ఏకరూపత

ఒకే ప్రోగ్రామును, ఒకే దత్తాంశాన్ని రెండు కంప్యూటర్లకు ఇస్తే ఒకే సమాధానం రావాలని పరిశోధకులు ఆశిస్తారు. ఫలితాన్ని మరొకరు తిరిగి రాబట్టి చూడగలగడం శాస్త్రీయ పద్ధతికి ప్రాణం కనుక ఇది అత్యాశ కాదు. అయితే దశాంశ భిన్నాలతో చేసే లెక్కల్లో ఈ ఆశ అంత తేలికగా నెరవేరలేదు. జావా భాష చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

0.1 అనే సంఖ్యకు ద్విసంఖ్యామానంలో అంతమయ్యే రూపం లేదు. 64 బిట్ల 'డబుల్'లో 53 సార్థక బిట్లకే చోటుంటుంది కాబట్టి విలువను సమీప సంఖ్యకు సవరించక తప్పదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడానికి కారణమిదే. చాలామంది దీనినే అసలు సమస్యగా భావిస్తారు గానీ, 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం రావలసిన సమాధానం అదే.

అసలు చిక్కు మధ్యంతర ఫలితాలది. 1980లో వచ్చిన ఇంటెల్ 8087, దాని వారసులు లెక్కలను 80 బిట్ల రిజిస్టర్లలో చేసేవి. విలువ రిజిస్టరులో ఉన్నంతసేపు విశాలంగా ఉండి, 64 బిట్ల డబుల్‌గా మెమరీలోకి చేరగానే కుదించుకుపోయేది. ఎప్పుడు చేర్చాలన్నది కంపైలర్ ఇష్టం. అధిక కచ్చితత్వమే ఏకరూపతకు అడ్డు కావడం ఇక్కడి వైచిత్రి.

1996లో వెలువడిన జావా, ఏ యంత్రంపైనైనా ఒకే ఫలితమన్న హామీ ఇచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లపై ఆ హామీ వేగాన్ని బలిగొన్నది. దాంతో 1998లో వచ్చిన 1.2 రూపాంతరం కొంత సడలింపునిచ్చి, మధ్యంతర విలువల ఘాతాంకం డబుల్ హద్దులను దాటవచ్చునంది. పాత కట్టుబాటు కావలసినవారికి 'స్ట్రిక్ట్‌ఎఫ్‌పీ' అనే కీలకపదాన్ని ఇచ్చింది. తేడా స్వల్పమని కొట్టివేయడానికి వీల్లేదు. ఒక చలరాశిలోని 10^308 విలువను 10తో గుణించి, మళ్లీ 10తో భాగిస్తే, కట్టుబాటు ఉన్నచోట అనంతం వస్తుంది. సడలింపు ఉన్నచోట 10^308 రావచ్చు. ఐఈఈఈ ప్రమాణ రూపశిల్పి విలియం కహాన్, జోసెఫ్ డార్సీతో కలిసి 1998లోనే జావా విధానాన్ని తీవ్రంగా విమర్శించారు. అదనపు కచ్చితత్వం సామాన్య ప్రోగ్రామర్లను తప్పుల నుంచి కాపాడుతుందన్నది కహాన్ వాదన. అది తీసిపారేయదగినది కాదు.

ఈ చిక్కుముడిని విప్పింది హార్డ్‌వేరే. పెంటియమ్ 4తో వచ్చిన ఎస్‌ఎస్‌ఈ2 సూచనలు నేరుగా 64 బిట్లలోనే లెక్కిస్తాయి కాబట్టి కట్టుబాటు భారం కాకుండా పోయింది. 2021లో జావా 17 సడలింపును తొలగించింది. ఆ ప్రతిపాదన చేసినవారు డార్సీయే!

హామీ తిరిగి వచ్చినా దాని పరిధి మౌలిక పరిక్రియలకే. 'మ్యాథ్' తరగతిలోని సైన్ వంటి ప్రమేయాలకు స్వల్ప దోషం అనుమతించబడింది. అవి యంత్రాన్ని బట్టి చివరి బిట్టులో మారవచ్చు. అలా మారకూడదనుకునేవారికి 'స్ట్రిక్ట్‌మ్యాథ్' వేరుగా ఉంది. కూడిక క్రమం మరో సంగతి. డబుల్ విలువలకు సహచర ధర్మం వర్తించదు: (0.1 + 0.2) + 0.3 విలువ 0.6000000000000001 కాగా, 0.1 + (0.2 + 0.3) విలువ 0.6. 'డబుల్‌స్ట్రీమ్' మొత్తాన్ని లెక్కించే పద్ధతి ఏ క్రమంలో కలుపుతుందో జావా కావాలనే నిర్దేశించలేదు. అందువల్ల అవే విలువలకు మొత్తం ఒకసారి ఒకలా, మరోసారి మరొకలా రావచ్చు.