కూడలిలో ఊపిరికి కాపలా ఎవరు?

నేను లండన్‌లో ఉంటాను. మా తమ్ముడు హైదరాబాద్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎండ గురించి, వాన గురించి చెబుతాడు గానీ పొగ మాట ఎత్తడు. అడిగితే ‘అలవాటైపోయిందక్కా’ అంటాడు. ముక్కుకు అలవాటవుతుందేమో, ఊపిరితిత్తులకు కాదు.

వాహనాల పొగలోని పీఎం 2.5 కణాలు వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లి ఆస్తమాను పెంచుతాయి. గుండెజబ్బు, పక్షవాతం ముప్పూ తెస్తాయి. ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో పరిమితి 40.

లండన్‌కూ ఇది తేలిగ్గా తలకెక్కలేదు. రద్దీ రోడ్డు పక్కన పెరిగిన తొమ్మిదేళ్ల ఎల్లా కిస్సీ డెబ్రా 2013లో ఆస్తమాతో చనిపోయింది. ఆ మరణానికి వాయు కాలుష్యమూ కారణమేనని అధికారిక విచారణలో తేలింది 2020లో!

జేబురుమాలు, బట్ట మాస్కు ఈ కణాలను సరిగా ఆపలేవు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్‌95 కావాలి. ‘మరి విజిల్ ఎలా ఊదను?’ అంటాడు మా వాడు. నిజమే. విజిల్ ఊదిన ప్రతిసారీ మాస్కు కిందికి దిగాల్సిందే. పైగా అది విషవాయువులను ఆపదు. అందుకే మాస్కు ఇచ్చి ఊరుకుంటే చాలదు. రద్దీ కూడళ్లలో సిబ్బందిని వంతులవారీగా మార్చాలి. ఏటా స్పైరోమెట్రీ పరీక్ష చేయించాలి.

మీవాళ్లూ ఈ ఉద్యోగంలో ఉంటే, ఫోన్‌లో ‘తిన్నావా?’ అన్నాక ‘ఊపిరి పరీక్ష చేయించుకున్నావా?’ అనీ అడగండి.