చెప్పే నోరు, వ్రాసే చేయి

వ్యాసుడు చెప్పగా విఘ్నేశ్వరుడు భారతం వ్రాసినాడని ప్రతీతి. అంతమాత్రాన భారతం వినాయకకృతమని ఎవరూ అనలేదు. పరీక్షామందిరంలో చూపులేని విద్యార్థి ప్రక్కన లేఖకుడు కూర్చున్నప్పుడు మాత్రం, ఆ మార్కులు ఎవరివన్న సందేహం కొందరికి కలుగుతుంది.

శాసనానికి ఆ సందేహం లేదు. 1995 నాటి చట్టం 7 విధాల వైకల్యాలను గుర్తించగా, 2016 నాటి చట్టం చదువు, వ్రాత దుష్కరమయ్యే డిస్లెక్సియా వంటి వాటిని కూడ చేర్చి 21 చేసింది. లేఖకుని సాయంతో వ్రాసే అభ్యర్థికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు కాలం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పినవి. వ్రాయబోతే చేతివ్రేళ్లు కొంకరలుపోయే అభ్యర్థికి కూడ లేఖకుడు ఉండవలసినదేనని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి చిక్కు ఎక్కడ? లేఖకుణ్ణి వెదకుకొనే భారం తరచు విద్యార్థి మీదనే పడుతుంది. అట్లా తెచ్చుకొన్న లేఖకుడు అభ్యర్థి కంటె ఒక మెట్టు తక్కువ చదివినవాడై ఉండాలన్నది 2018 నాటి నియమం. మోసాన్ని అరికట్టడానికి అది అవసరమే కావచ్చు. కాని శాస్త్రపరిభాష ఎరుగని చేతిలో సరియైన సమాధానం తప్పుగా మారితే, నష్టపోయేది చెప్పినవాడే.

అర్థం చేసుకొనక వ్రాయరాదని వ్యాసుడు వినాయకునికి నియమం పెట్టినాడట. అటువంటి నియమం పెట్టే శక్తి విద్యార్థికి లేదు, కళాశాలకు ఉన్నది. తగిన లేఖకులను తానే సమకూర్చి, పరీక్షకు ముందే ఇద్దరికీ పరిచయమూ అభ్యాసమూ కలిగించడం దాని విధి.